పట్టాల మీద పెట్టగానే నడిచే డబ్ల్యూడీఎం-2: ఒక పరిశీలన, రాబోయే నమూనాలపై మా కోరికలు

దేశంలోనే ఒక చిన్న కార్ఖానాలో తయారై, హైదరాబాదులోని ఒక హాబీ దుకాణం ద్వారా నల్లగొండకు చేరిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను నమూనాను, దానితో పాటు తీసుకున్న రెండు ఐసీఎఫ్ ప్రయాణికుల పెట్టెలను ఎండాకాలం మొదలుకొని వానాకాలం చివరిదాకా నడిపి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇవి హెచ్ఓ స్కేలుకు, అంటే అసలు బండిలో 87వ వంతు పరిమాణానికి చేసినవి. అతికించడం, రంగు వేయడం వంటి పనేమీ లేకుండా అట్టపెట్టెలోంచి తీసి పట్టాల మీద పెట్టగానే నడవాల్సిన రెడీ టు రన్ తరగతికి చెందినవి. మూడింటికీ కలిపి 30,000 రూపాయలకు చేరువగా ఖర్చయింది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. చిన్న కార్ఖానాలు విడతకు కొన్ని చొప్పున చేసే నమూనాల్లో ఒకదానిలో ఉన్న లోపం పక్కదానిలో ఉండకపోవచ్చు. పైగా ఇక్కడ చెప్పబోయే మాటల్లో ఎక్కువ భాగం భారతీయ రైల్వే నమూనాలు చేసేవారందరికీ వర్తిస్తుంది.

నా తీర్పు ముందే చెబుతాను. ఇంజను రూపం మీద పెట్టిన శ్రద్ధ మెచ్చదగినది. లోపలి యంత్రం చాలావరకు నమ్మదగినదే కానీ, కరెంటు అందుకునే ఏర్పాటులో లోటు ఉంది. పెట్టెలు మాత్రం కొన్నవారు మళ్లీ కూర్చుని పని చేసుకుంటే తప్ప నిలకడగా నడవవు.

ఈ ఇంజను మీద నల్లగొండ, మిర్యాలగూడల రైలు నమూనా అభిమానులమైన మాకు ఇంత మమకారం ఎందుకో చెప్పకపోతే మిగిలిన పరిశీలన అర్థం కాదు. నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా పోయే బీబీనగర్–నడికుడి మార్గం 1980ల చివరలో పూర్తయింది. ఆ ఒంటి లైను మీద విద్యుత్ తీగలు పడింది ఈ మధ్యకాలంలోనే. అంతవరకు నారాయణాద్రి, విశాఖ, ఫలక్‌నుమా వంటి బండ్లన్నీ ఇక్కడ డీజిల్ ఇంజన్ల వెనుకే వచ్చి, డీజిల్ ఇంజన్ల వెనుకే వెళ్లాయి. అమెరికాలోని అల్కో కంపెనీ రూపొందించిన డీఎల్560సీ ఆధారంగా 1962లో దిగుమతైన ఇంజన్లతో మొదలై, 1964 నుంచి వారణాసిలోని డీజిల్ కార్ఖానాలో తయారైన డబ్ల్యూడీఎం-2, 16 సిలిండర్ల 251బీ యంత్రంతో 2,600 హార్స్‌పవర్ శక్తినిస్తూ, ప్రయాణికుల బండ్లనూ గూడ్సు బండ్లనూ ఒకే తీరుగా లాగిన ఇంజను. ఈ ప్రాంతంలో నలభై ఏళ్లు దాటిన వారెవరైనా రైలింజను బొమ్మ గీయమంటే, పొడవాటి ముక్కు ఒక వైపు, పొట్టి ముక్కు మరో వైపు, మధ్యలో డ్రైవరు గది ఉన్న ఈ ఆకారాన్నే గీస్తారు. కనుక ఈ నమూనాలో ఏ చిన్న తేడా వచ్చినా మా కంటికి వెంటనే ఆనుతుంది.

ఆ కంటితో చూసినప్పుడు కూడా ఈ నమూనా నిలబడింది. అసలు ఇంజను పొడవు బఫర్ల మధ్య 17,120 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 197 మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువ రావాలి, మా స్కేలుతో కొలిస్తే అంతే వచ్చింది. పొట్టి ముక్కు ఎత్తు, డ్రైవరు గది కిటికీల వాలు, రేడియేటరు వైపు జాలీలు, పక్కల నడిచే చోట ఉన్న సన్నని కడ్డీలు అన్నీ సరిగా కుదిరాయి. అన్నింటికన్నా నన్ను సంతోషపెట్టింది చక్రాల అమరిక. డబ్ల్యూడీఎం-2 కింద ఉండే ట్రైమౌంట్ చట్రంలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. ఒక జత దగ్గరగా, ఒక జత దూరంగా ఉంటుంది. ఇతర దేశాల నమూనాల నుంచి సమాన దూరాల చట్రాన్ని తెచ్చి, పైన మన ఇంజను తొడుగు బిగించి అమ్మే వారు ఉన్నారు. అటువంటివి ఎంత మంచి రంగులో ఉన్నా పక్క నుంచి చూడగానే తేడా తెలిసిపోతుంది. ఈ తయారీదారు ఆ అడ్డదారి తొక్కలేదు. కాజీపేట షెడ్డు గుర్తు, ఇంజను సంఖ్య, హెచ్చరిక రాతలు భూతద్దం కింద కూడా చదవగలిగేటంత స్పష్టంగా ముద్రించారు.

గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం గురించి ఒక మాట. మన బ్రాడ్ గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. కానీ ప్రపంచమంతటా దొరికే హెచ్ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, ఎందుకంటే అవి 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి. అందువల్ల ఏ భారతీయ బ్రాడ్ గేజ్ నమూనా అయినా ఎదురుగా నిలబడి చూస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. ఇది తయారీదారు తప్పు కాదు. ప్రత్యేకమైన పట్టాలు, ప్రత్యేకమైన పాయింట్లు (పట్టాలు రెండు దారులుగా చీలే చోట వేసేవి) చేసి అమ్మితే కొనేవారు దొరకరు కాబట్టి ఈ రాజీని మేము మనస్ఫూర్తిగా అంగీకరిస్తాం.

ఇక నడక. లోపల రెండు ఫ్లైవీల్స్ (నడకను నిలకడగా ఉంచే బరువైన చక్రాలు) ఉన్న ఐదు ధ్రువాల మోటారు ఉంది. ఆరు ఇరుసులకూ శక్తి అందుతుంది. మిర్యాలగూడలో ఒక మిత్రుడి మేడ మీది గదిలో వేసిన పట్టాల మీద దీనిని నడిపాం. అతి తక్కువ వేగంలో, పట్టాల కింది అడ్డ దిమ్మె (స్లీపరు) మీద నుంచి మరో దిమ్మె మీదికి పాకుతున్నట్టుగా, కుదుపు లేకుండా కదిలింది. 12 వోల్టులు ఇచ్చినప్పుడు మాత్రం సెకనుకు 60 సెంటీమీటర్ల దూరం పోయింది. అసలు లెక్కలోకి మారిస్తే అది గంటకు 188 కిలోమీటర్లు అవుతుంది. డబ్ల్యూడీఎం-2 గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లే కాబట్టి సెకనుకు 38 సెంటీమీటర్లు దాటవలసిన అవసరం లేదు. గేర్ల నిష్పత్తి మార్చి పై వేగాన్ని తగ్గిస్తే, కింది వేగంలో ఇంకా చక్కని అదుపు, బరువు లాగడంలో ఇంకొంచెం పట్టు వస్తాయి.

అసలైన లోపం ఇంజను ఆగిపోవడం. పన్నెండు చక్రాలు ఉండగా ఎనిమిదింటి నుంచి మాత్రమే కరెంటు తీసుకునేలా తీగలు కలిపారు. పాయింట్ల మధ్యలో ప్లాస్టిక్ ముక్క ఉన్న చోట నెమ్మదిగా పోతే ఇంజను దీపం ఆరి, బండి నిలిచిపోతుంది. పాశ్చాత్య దేశాల ఇళ్లలో ఈ లోపం అంతగా బయటపడదేమో కానీ, పైన ఫ్యాను తిరుగుతూ, కిటికీలు తెరిచి ఉండే మన ఇళ్లలో ఒక్క రోజులోనే పట్టాల మీద సన్నని దుమ్ము పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు, చక్రాలు తుడిచిన పూట బాగానే నడిచి, మరునాటికి మళ్లీ మొరాయించింది. మిగిలిన నాలుగు చక్రాలకు సన్నని రాగి రేకులు, తీగలు అతికించిన తరువాత ఆ బాధ తప్పింది. కానీ టంకం కడ్డీ పట్టుకోవడం రాని వారి కోసమే కదా రెడీ టు రన్ అనేది ఉన్నది. పదమూడేళ్ల పిల్లవాడు పండుగకు కొనిపించుకున్న ఇంజను పాయింటు మీద ఆగిపోతే, వాడు ఈ అభిరుచినే వదిలేస్తాడు. ఈ విషయంలో ఖర్చు తగ్గించుకోవడాన్ని నేను సమర్థించలేను.

శబ్దం, డిజిటల్ నియంత్రణ విషయంలో ఫిర్యాదు లేదు. డీకోడరు (డిజిటల్ ఆదేశాలను అందుకొని ఇంజనును, శబ్దాన్ని నడిపే చిన్న సర్క్యూట్) బిగించడానికి 21 పిన్నుల సాకెట్ ఇచ్చారు, స్పీకరుకు చోటు వదిలారు. అల్కో 251 యంత్రం అమెరికాలోనూ విరివిగా వాడినదే కాబట్టి, అక్కడి డీకోడర్ల తయారీదారుల దగ్గర దాని శబ్దం సిద్ధంగా ఉంది. దూరం నుంచి వింటే నల్లగొండ స్టేషనులో అడ్వాన్స్ స్టార్టరు (స్టేషను దాటి వెళ్లే చోటి చివరి సిగ్నల్) వైపు బరువు ఎత్తుకుంటున్న బండి గుర్తుకొస్తుంది. హారను మాత్రం మనది కాదు. మన హారన్ల శబ్దాన్ని శుభ్రంగా రికార్డు చేసి అందించే పని ఇక్కడి అభిమానులే చేపట్టవచ్చు.

పెట్టెల దగ్గరికి వస్తే మెచ్చుకోలు, నిరాశ రెండూ ఉన్నాయి. ఒకటి సాధారణ తరగతి పెట్టె, మరొకటి పడుకునే బెర్తులున్న స్లీపరు తరగతి పెట్టె. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్)లో 1955లో స్విస్ సాంకేతికతతో మొదలైన ఈ పెట్టె పొడవు 21,337 మిల్లీమీటర్లు, వెడల్పు 3,245 మిల్లీమీటర్లు. హెచ్ఓలో అవి 245, 37 మిల్లీమీటర్లకు వస్తాయి. ఇక్కడ రెండు కొలతలూ సరిపోయాయి, ఇది చిన్న విషయం కాదు. యూరప్ పెట్టెల వెడల్పు సాధారణంగా 2,825 మిల్లీమీటర్లు, అంటే హెచ్ఓలో 32.5 మిల్లీమీటర్లే. వాటికి నీలం రంగు పూసి భారతీయ పెట్టెలని అమ్మినప్పుడు అవి మన ఇంజను వెనుక బక్కచిక్కినట్టు కనబడతాయి. కిటికీలకు అడ్డంగా ఉండే ఇనుప కడ్డీలు, అత్యవసర కిటికీకి అవి లేకపోవడం, తలుపు పక్కన పట్టుకునే కమ్మీలు, పైకప్పు మీద గాలి గూళ్లు అన్నీ శ్రద్ధగా చూపించారు. రంగు ముదురు ఎరుపు; 1990లలో నీలం పెట్టెలు రావడానికి ముందటి కాలానికి ఇది సరిపోతుంది.

నిరాశ బరువులో ఉంది. అమెరికా నమూనా రైల్వే సంఘమైన ఎన్ఎంఆర్ఏ సిఫారసు ప్రకారం హెచ్ఓలో ఒక పెట్టెకు ఒక ఔన్సు, దానిపై ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు చొప్పున బరువు ఉండాలి. 245 మిల్లీమీటర్ల పెట్టెకు ఆ లెక్కన 165 గ్రాములు రావాలి. మా పెట్టెలు వంద గ్రాములను కూడా సరిగా అందుకోలేదు. ముందుకు లాగినప్పుడు పరవాలేదు కానీ, స్టేషను యార్డులో వెనక్కి నెట్టినప్పుడు పాయింటు దగ్గర చక్రాలు పట్టా దిగిపోయాయి. లోపల సీసపు పలకలు అతికించి బరువు పెంచిన తరువాతనే దారికి వచ్చాయి. చక్రాలు కూడా ప్లాస్టిక్‌వి. అవి దుమ్మును పూసుకొని పట్టాలంతటా పరుస్తాయి. లోహపు చక్రాలు ఇవ్వడానికి పెరిగే ధరను మేము ఇష్టంగా చెల్లిస్తాం.

ఎండ సంగతి తప్పక చెప్పాలి. ఇంజను తొడుగు అచ్చులో పోసిన ప్లాస్టిక్ కాబట్టి చెక్కుచెదరలేదు. పెట్టెలు త్రీడీ ప్రింటింగ్ రెజిన్‌తో చేసినవి. మే నెలలో పై అంతస్తు గదిలో, రేకుల కప్పు కింద బీరువాలో ఉంచినప్పుడు స్లీపరు పెట్టె అడుగు భాగం మధ్యలో పైకి వంగింది. నల్లగొండ ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అమ్మదలచిన వస్తువును ఆ వేడికి తట్టుకునేలా చేయడం తయారీదారు బాధ్యత. అచ్చులకు పెట్టుబడి ఎక్కువ అవుతుందని తెలుసు. అడుగున ఒక అల్యూమినియం పట్టీ బిగించినా సరిపోతుంది.

ఈ ఒక్క నమూనా చుట్టూ మా మిత్రుల మధ్య జరిగిన చర్చల్లో, రాబోయే రెడీ టు రన్ నమూనాలు ఏవి కావాలన్న కోరికలు బాగా స్పష్టపడ్డాయి. తయారీదారులు మెరిసే బండ్ల వైపు చూస్తున్నారు. మేము కోరుతున్నది మా ఊళ్ల మీదుగా పోయే బండిలోని మామూలు భాగాలను.

మొదటి కోరిక గూడ్సు వ్యాగన్లు. మిర్యాలగూడ చుట్టూ ఉన్న బియ్యం మిల్లులు, కృష్ణా ఒడ్డున వాడపల్లి పరిసరాల సిమెంటు కర్మాగారాలు ఉన్న ఈ మార్గంలో, మూసి ఉండే బీసీఎన్ తరగతి వ్యాగన్లు లేకుండా ఏ నమూనా లైను నిజమనిపించదు. ఇప్పటి బీసీఎన్‌హెచ్ఎల్ వ్యాగన్ పొడవు కప్లర్ల మధ్య 11 మీటర్లకు కొద్దిగా తక్కువ. హెచ్ఓలో 126 మిల్లీమీటర్లు. పొడవైన ప్రయాణికుల పెట్టెల్లా కాకుండా ఇది ఇరుకు మలుపుల్లో కూడా హాయిగా తిరుగుతుంది, కనుక ఉన్న చిన్న గదిలో లైను వేసుకునే వారికి ఇంతకన్నా అనువైన బండి లేదు. అసలు గూడ్సు బండి 58 వ్యాగన్లతో ఉంటుంది కానీ, ఇంటిలో పన్నెండు ఉంటే కంటికి నిండుగా ఉంటుంది. ఒకే అచ్చుతో వేలాది వ్యాగన్లు చేసి, సంఖ్యలు మాత్రం మార్చి అమ్ముకోవచ్చు. ఒక్కొక్కరు ఒక్క ఇంజను కొంటే వ్యాగన్లు డజను కొంటారు. వ్యాపారపరంగా చూసినా ఇది ముందుగా చేయవలసిన పని అనిపిస్తుంది. ఒకే సంఖ్య ఉన్న వ్యాగన్లు కాకుండా, ఆరేసి వేర్వేరు సంఖ్యలతో ఒక ప్యాకుగా ఇవ్వాలి.

రెండవ కోరిక మీటర్ గేజ్. ఇది ముఖ్యంగా మహబూబ్‌నగర్, గద్వాల మిత్రుల కోరిక. నిజాం కాలంలో, 1916లో సికింద్రాబాదు నుంచి గద్వాల వరకు మీటర్ గేజ్ లైను వచ్చింది. అది తరువాత కర్నూలు వైపు సాగింది. 1990లలో బ్రాడ్ గేజ్‌గా మారేవరకు మహబూబ్‌నగర్ జిల్లాకు రైలు అంటే ఆ చిన్న బండే. ఆవిరి కాలపు వైపీ ఇంజను, డీజిల్ కాలపు వైడీఎం-4 ఇంజను నమూనాలు కావాలని అక్కడివారు ఎంతో కాలంగా అడుగుతున్నారు. మార్కెట్ చిన్నదని తయారీదారులు పక్కన పెడుతున్నారు. అయితే కొలతల లెక్క వేసి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. 1,000 మిల్లీమీటర్ల గేజ్‌ను 87తో భాగిస్తే 11.5 మిల్లీమీటర్లు వస్తుంది. స్విట్జర్లాండ్‌లోని రేషియన్ రైల్వే వంటి మీటర్ గేజ్ లైన్ల నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు, పాయింట్లు యూరప్‌లో ఎన్నో ఏళ్లుగా సిద్ధంగా అమ్ముడవుతున్నాయి. అంటే మన బ్రాడ్ గేజ్ నమూనాలో దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా ఉండగా, మీటర్ గేజ్ నమూనాలో తేడా అర మిల్లీమీటరే. దక్షిణ తెలంగాణ రైలు చరిత్రలో అత్యంత నిజాయతీగా, కొలతలకు కట్టుబడి నమూనా చేయగలిగినది మహబూబ్‌నగర్ పాత లైనే అవుతుంది. పట్టాల సమస్య ఏనాడో తీరిపోయింది, కావలసింది ఒక ఇంజను, నాలుగు పెట్టెలు. ఈ అవకాశాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

వందే భారత్ నమూనాలు కావాలనే వారు కూడా మాలో ఉన్నారు, ముఖ్యంగా పిల్లలు. 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ నల్లగొండలో ఆగుతుంది. అదే ఏడాది సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ బండి మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. వాళ్ల కోరిక సహజమే. కానీ 16 పెట్టెల వందే భారత్ పొడవు 384 మీటర్లు. హెచ్ఓలో అది 4.4 మీటర్లు. నాలుగు పెట్టెలు ఇచ్చి మిగతావి ఎప్పుడో విడుదల చేస్తామనడం కొన్నవారికి న్యాయం కాదు. 8 పెట్టెల బండిని, హెచ్ఓలో 2.2 మీటర్లలో, ఒకేసారి పూర్తిగా అమ్మితే బాగుంటుంది. మహబూబ్‌నగర్ మీదుగా వెళ్లే బండి మొదలైనప్పుడు ఎనిమిది పెట్టెలతోనే నడిచింది కూడా.

లాలాగూడ షెడ్డు తెలుపు, ఎరుపు రంగుల డబ్ల్యూఏపీ-7 విద్యుత్ ఇంజను, ఐసీఎఫ్ వాటి తరువాత వచ్చిన ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెలు కావాలనే వారు మలుపుల సంగతి ముందుగా చూసుకోవాలి. ఎల్‌హెచ్‌బీ పెట్టె 23,540 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి హెచ్ఓలో 270 మిల్లీమీటర్లు. మలుపు వ్యాసార్ధం పెట్టె పొడవుకు కనీసం మూడు రెట్లు ఉండాలనే అనుభవజ్ఞుల లెక్కన 810 మిల్లీమీటర్లు కావాలి. ప్రారంభపు సెట్లలో వచ్చే 438 మిల్లీమీటర్ల మలుపులో పెట్టెల చివరలు ఒకదానినొకటి తాకి బయటికి నెట్టుకుంటాయి. రెండు పడక గదుల ఇంట్లో ఇంత చోటు దొరకని వారి కోసం 160వ వంతు పరిమాణంలో ఎన్ స్కేలు నమూనాలు వస్తే బాగుంటుంది. హెచ్ఓలో ఆరు మీటర్లు పట్టే 22 పెట్టెల బండి, ఎన్ స్కేలులో 3.3 మీటర్లలో సరిపోతుంది.

ఏ నమూనా చేసినా విడిభాగాలు అమ్మాలి. ఒక గేరు పగిలితే ఇంజను మొత్తం బీరువా పాలు కాకూడదు. ఇంజను సంఖ్యలు, షెడ్డు గుర్తులు, తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో గమ్యస్థాన బోర్డులు అతికించుకునే కాగితాలుగా ఇస్తే కాజీపేట ఇంజనును గుత్తి ఇంజనుగా, విశాఖను నారాయణాద్రిగా ఎవరికి వారు మార్చుకోగలరు. పుణెలో 1998లో తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియంను చూసి వచ్చిన పిల్లలకు, పెద్దలకు కలిగే ఆసక్తి ఇంటిదాకా వచ్చి కొనసాగాలంటే ఇటువంటి చిన్న సౌకర్యాలే ఆధారం.

ఈ డబ్ల్యూడీఎం-2ను కొనమని చెప్పగలనా అంటే, టంకం పని వచ్చినవారికి, లేదా అది వచ్చిన మిత్రుడు ఊళ్లో ఉన్నవారికి నిస్సందేహంగా చెప్పగలను. పెట్టెలను ప్రస్తుతానికి పక్కన పెట్టి ఇంజను మాత్రం తీసుకోవడం మేలు. పిల్లల కోసం కొనేవారు తరువాతి విడత వచ్చే వరకు ఆగి, డబ్బు కట్టే ముందు దుకాణదారుని పన్నెండు చక్రాల నుంచీ కరెంటు తీసుకుంటుందా, పెట్టె బరువెంత, చక్రాలు లోహపువా అని అడిగి తెలుసుకోవాలి. బీసీఎన్‌హెచ్ఎల్ వ్యాగన్లు ఆరింటి ప్యాకు చేస్తామని ఈ తయారీదారైనా, మరొకరైనా ప్రకటిస్తే, తలా రెండు ప్యాకులకు ముందస్తు సొమ్ము కట్టడానికి నల్లగొండ, మిర్యాలగూడ మిత్రులం సిద్ధంగా ఉన్నాం. మీటర్ గేజ్ ఇంజను చేస్తే మహబూబ్‌నగర్ మిత్రులు కూడా అదే మాట అంటున్నారు.